పక్క వీధి ఏడుపు

కోడుమూరు. సోమన్న అనే నేతగాని ఇల్లు. లోపలి గదిలో మగ్గం ఆడుతున్నది. ముందరి గదిలో అతని భార్య సుబ్బక్క, అప్పుడే వచ్చిన మరొక ఆడమనిషి. వచ్చినామె కూర్చోకుండా గోడమీది ఫొటో చూస్తున్నది.

"ముక్కు ఆయనది కాదు."

"ఎవురి ముక్కమ్మా?"

"ఈ ఫొటోలో పిల్లోనిది. మీ పెద్దోడేనా?"

"మా పెద్దోడే. పక్కన ఉండేది చిన్నోడు. ఇద్దరూ కర్నూల్లో హాస్టల్లో ఉండి చదువుకుంటాండారు. నువ్వు ముందర కూర్చోమ్మా, ఎండన పడి వచ్చినావు. చీరలు చూపియ్యల్లా?"

"చీరలకు రాలేదు."

"మరి?"

"చిన్నోనివి చెవులు... ఊహూ. చెవులు కూడా కావు."

"చూడమ్మా, నువ్వెవురో నాకు తెలీదు. వచ్చినప్పటి నుంచి మా పిల్లోళ్ళ ముక్కులూ చెవులూ చూస్తాండావు. సంబంధం మాట్లాడను వచ్చింటే మాత్రం, మా పెద్దోనికి ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు."

"నన్ను గుర్తు పట్టలేదా సుబ్బక్కా?"

"నా పేరు నీకెట్ల తెలుసు?"

"సరిగ్గా చూడు నా మొగం. నా బుజం మింద తల పెట్టి ఏడ్చినావు."

"నేనా?"

"నువ్వే. ఆత్మకూరులో. షామియానా కింద."

"అయ్యో. ఆ యమ్మవా నువ్వు."

"ఆ యమ్మనే. నా పేరు శశికళ. ఆ పొద్దు పోయినాయన నా మొగుడు. పప్పుల అంగడి రామకోటయ్య."

"అయ్యో తల్లీ. ఆ పొద్దు నిన్ను పూలూ పసుపూ పెట్టి కూర్చోబెట్టింటిరి గదా, మొగమే వేరేగా ఉండె. అందుకే పోల్చుకోలేకపోతి. కూర్చో, కాఫీ పెడతా."

"కాఫీ వద్దు."

"మజ్జిగ తెస్తా. కుండలో చల్లగా ఉండాయి."

"సుబ్బక్కా, పారిపోవద్దు. కూర్చో ఈడ. నేను కొట్లాటకు రాలేదు."

"కొట్లాటేమి తల్లీ, మనకు కొట్లాటేముంటాది. మజ్జిగ..."

"కర్నూల్లో మా తమ్మునింటికి నిద్ర చేయను వచ్చినా. ఆస్పత్రికి పోయొస్తానని చెప్పి ఇట్ల బస్సెక్కినా. నేను ఈడికొచ్చినట్లు ఎవురికీ తెలీదు. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఎన్నేండ్లాయె?"

"దేనికి?"

"నీకూ ఆయనకూ."

"నాకూ ఎవురికీ?"

"నా నోటితో చెప్పించల్లనా? నీకూ రామకోటయ్యకూ."

"అమ్మా, ఆయనెవురో నాకు తెలీదు."

"తెలీని మనిషికా అంత ఏడుపు?"

"అది... అది చెప్తే నువ్వు నమ్మవు."

"నీతో మాట్లాడేవాడా? కూర్చోని, నిదానంగా? నవ్వేవాడా?"

"ఎవురు నవ్వేది? నేను చెప్పేది వినవేమి తల్లీ. ఆగు. మగ్గం ఆగిపోయింది."

"ఏమే, ఎవురే వచ్చింది?"

"ఎవురూ కాదు, చీరలకు వచ్చినారు. నువ్వు నేస్తా ఉండు, లేయొద్దు."

"చీరలకైతే నన్ను పిలవల్ల గదా."

"సుబ్బక్కా, లోపల ఎవురు?"

"మా ఆయన."

"నీకు మొగుడుండాడా?"

"ఉండాడమ్మా. ఏం, ఉండకూడదా?"

"లేడనుకుంటి. మరి ఆ పిల్లోళ్ళు..."

"ఆ పిల్లోళ్ళు ఆయన పిల్లోళ్ళే. ముక్కుల దగ్గరికి వచ్చినావు కాబట్టి ముక్కే చూద్దువు. ఇదిగో, వినపడతాండాదా? రొంత ఇట్ల రా. నీ ముక్కు చూడల్లంట."

"నా ముక్కెందుకే?"

"రా అంటే. ఈ వెలుతురులోకి తిరుగు. ఇప్పుడు చూడమ్మా."

"అవును. ఈ ముక్కే."

"ఏమే సుబ్బక్కా, ఏందిది? ఈ యమ్మ ఎవురు? నా ముక్కుతో ఏం పని?"

"అరవొద్దు. ఆ పొద్దు మీ పిన్నమ్మ సావుకు నేను ఆత్మకూరు పోయింటి గదా."

"పోయింటివి. మగ్గం మింద పడుగు ఎక్కించి ఉండాది, వదిలిపెట్టి రాలేనని నిన్నే పంపిస్తి."

"మీ పిన్నమ్మ కాడికి నేను శానా ఆలస్యంగా చేరినా."

"ఏం, బస్సు చెడిపాయనా?"

"బస్సు బాగానే పోయింది. ముందర నేను వేరే సావుకు పోతి."

"వేరే సావుకా."

"తెలిసి పోలేదు. ఆటో దిగినా. ఎదురుగ్గా షామియానా ఉండె. లోపల ఆడోళ్ళు ఏడుస్తాండ్రి. ఏడుపు వినపడితే నా కాళ్ళు అటే పోయినాయి. మీ పిన్నమ్మది పక్క వీధంట. నాకేం తెలుసు?"

"పోయి చూసినాక తెలీలేదా? మా పిన్నమ్మ ఎట్లుంటాదో తెలీదా నీకు?"

"మొగం కనపడితే గదా. అన్నీ దండలే. నేను పోతానే ఒకామె జరిగి చోటిచ్చె. కూర్చుంటి. కూర్చునేటప్పటికే కండ్లల్లో నీళ్ళు వచ్చేసినాయి. నా సంగతి నీకు తెలీదా?"

"తెలీకేమి. అమ్మా, మీరు ఎవురో గానీ, ఈమె సంగతి చెప్తా వినండి. ఎవురు ఏడిస్తే వాళ్ళతో పాటు ఈమెకు ఏడుపొస్తాది. సొంతం, పరాయి అని లేదు. టీవీలో సబ్బు ప్రకటన వస్తాది గదా, ఆ పాప కండ్లల్లో నురుగు పడి ఏడిస్తే ఈమె కొంగు తీస్తాది. ఎదురింట్లో పెండ్లి అయితే అప్పగింతలప్పుడు పెండ్లికూతురి తల్లి కన్నా ముందర ఈమె మొదలుపెట్టె. పాపం ఆ తల్లి తన ఏడుపు పక్కన పెట్టి ఈమెను ఓదార్చె."

"అది ఇప్పుడెందుకు చెప్తావు?"

"చెప్తా. బస్సులో ఎవురన్నా ఆవలిస్తే ఈమె ఆవలిస్తాది. ఎవురన్నా చింతకాయ కొరికితే ఈమె మూతి ముడుస్తాది. మా మగ్గం మింద పోగు తెగి నేను 'అబ్బా' అంటే, వంటింట్లో ఈమె 'అబ్బా' అంటాది. ఎందుకే అంటే తెలీదంటాది."

"వచ్చేస్తాది, నేనేం చేసేది?"

"అన్నా, నువ్వు రొంత ఆగు. సుబ్బక్కా, నువ్వు తప్పు ఇంటికి వచ్చినావు. సరే. వచ్చినాక తెలిసింది గదా? లేచి పోవచ్చు గదా?"

"లేద్దామనే అనుకుంటి తల్లీ. ఎవురో దండలు సరిచేసినారు. మీసం కనపడె. మా చిన్నత్తకు మీసాలు లేవు. 'అయ్యో దేవుడా, యాడికొచ్చి యాడ కూర్చుంటి' అనుకోని లేయబోతి. అంతలో నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు."

"నేనా పట్టుకుంది? నువ్వు గదా పట్టుకుంది."

"నువ్వే. గట్టిగా. గాజులు వత్తుకున్నాయి. అట్ల పట్టుకుంటే ఇడిపించుకోని ఎట్ల పోయేది? నీ మొగం చూస్తి. మళ్ళా ఏడుపొచ్చె. ఈ తూరి ఇంకా పెద్దగా వచ్చె."

"నీ కండ్ల నుంచి నీళ్ళు కారతాంటే చూసి నాకూ వచ్చె."

"మరి నీకు రావడం చూసి నాకు వచ్చె. ఎవురు ముందరో నాకు తెలీదు."

"ఆడ ఒక్కరన్నా అడగలేదా, నువ్వెవురని?"

"అడిగితే చెప్పనా ఏమి. ఎవురూ అడగలేదు. ఒకామె నీళ్ళిచ్చె. ఒకామె నా చెప్పులు ఎండలో ఉండాయని నీడలో పెట్టె. ఇంకొకామె ఈపు నిమిరె. ఇంత మర్యాద మా ఇంటి పెండ్లిలో కూడా నాకు జరగలేదు."

"ఎందుకు అడగలేదో నేను చెప్తా. అన్నా, నువ్వు కూడా కూర్చో. మా ఆడబిడ్డ ఉండాది, చెన్నమ్మ. మీ సుబ్బక్క విన్న ఏడుపు ఆమెదే. ఎవురన్నా మనిషి గుమ్మం కాడికి వస్తే ఏడుస్తాది. వాళ్ళు కూర్చుంటే ఆపి ఫోన్ చూసుకుంటాది. మళ్ళా ఇంకొకరు వస్తే మళ్ళా మొదలు. మిగతావాళ్ళు ఆమె మొదలుపెడితే మొదలుపెట్టేది, ఆమె ఆపితే ఆపేది. ఈమె అట్ల కాదు. ఎవురు వచ్చినా, పోయినా, ఆపకుండా ఏడుస్తాంది. అందరూ ఈమెనే చూసినారు. చూసి, ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు."

"నన్నెందుకు చూస్తాండారో నాకు తెలీదు తల్లీ. ముక్కు కారతాండాదేమో అనుకోని తుడుచుకుంటి."

"ఆ అవ్వ వచ్చి నీ పక్కన కూర్చునింది, గుర్తుండాదా?"

"నోట్లో పండ్లు లేని అవ్వ. ఉండాది."

"ఏమడిగింది?"

"ఏమో అడిగె. మామూలు మాటలే."

"చెప్పు, మీ ఆయన వినల్ల."

"'పిల్లోళ్ళు ఎంతమందమ్మా' అనె. ఇద్దరంటి."

"తర్వాత?"

"'ఎవురి పోలిక' అనె."

"నువ్వేమంటివి?"

"ఉన్నమాటే అంటి. పెద్దోడు అచ్చం వాళ్ళ నాయనను చూసినట్లే ఉంటాడంటి."

"ఏమే. సావింట్లో, సచ్చిపోయినాయన కాళ్ళ కాడ కూర్చోని ఆ మాట అంటివా?"

"నీ గురించే గదా అంటి."

"ఆ అవ్వకెట్ల తెలుసే నా గురించి? నా పిల్లోళ్ళను తీసుకపోయి ఆత్మకూరులో ఎవురికో ఇచ్చేసి వచ్చినావు గదే."

"అంతటితో ఆపిందా అన్నా, ఈమె మళ్ళా ఒక్కసారిగా ఏడిచె."

"పెద్దోడు గుర్తొచ్చె. హాస్టల్లో అన్నం బాగలేదని ఆ పొద్దే ఫోన్ చేసినాడు. అందుకు ఏడిస్తి. ఆ అవ్వ ఎందుకో నా గడ్డం పట్టుకోని, 'నీ రాత ఇంతేనమ్మా, బయటికి చెప్పుకోలేవు' అనె. హాస్టల్ సంగతి ఈమెకెట్ల తెలిసిందో అనుకుంటి."

"ఆ అవ్వ లేచి మా చెన్నమ్మకు చెప్పె. చెన్నమ్మ ఆ దినం మొట్టమొదటి తూరి నిజంగా ఏడిచె. ఇంక చూడు. పాడె లేచేలోపల వీధంతా తెలిసిపాయ. రామకోటయ్యకు ఇంకో సంసారం ఉండాది, ఇద్దరు మగపిల్లోళ్ళు, పెద్దోడు అచ్చం ఆయన పోలిక."

"అయ్యో రాముడా."

"మా మరిది ఇంకా బూడిద ఆరకముందే లాయరు ఇంటికి పోయినాడు. పెద్దకర్మకు నీకు చీర పెట్టల్లనా వద్దా అని ఇంట్లో రెండు జట్లు. పెట్టల్లని ఒక జట్టు, పెడితే ఒప్పుకున్నట్లే అవుతాదని ఒక జట్టు. కడాకు చీర కొని, పెట్టకుండా బీరువాలో దాచిపెట్టినారు."

"ఏం చీర?"

"ఏమే, నీకు చీర కావల్లనా ఇప్పుడు?"

"ఊరికే అడిగినా లే."

"మా చెన్నమ్మ కొడుకు ఫోన్లో వీడియో తీసినాడు. నువ్వూ నేనూ పట్టుకోని ఏడుస్తాండేది. మా తమ్మునికి కర్నూల్లో బట్టల అంగడి. వాడు చూసి, ఈమె కోడుమూరు సుబ్బక్క గదా, మనకు చీరలు తెచ్చిచ్చే మనిషి అన్నాడు. ఎవురికీ చెప్పొద్దని వాని నోరు మూసి, నేనే వచ్చినా."

"అమ్మా, మా చౌడమ్మ తల్లి మీద ఒట్టు. మీ ఆయనను బతికుండంగా నేను చూడలేదు. పోయినాక కూడా మీసం ఒక్కటే చూసినా. మొగమన్నా పూర్తిగా చూడలేదు."

"అది నిజమమ్మా. ఈమె ఏడుపును నమ్మొద్దు గానీ మాటను నమ్మొచ్చు."

"నమ్మినా అన్నా. నీ ముక్కు చూసినప్పుడే నమ్మినా."

"హమ్మయ్య. ఇంక పీడ పోయింది. ఇప్పుడన్నా మజ్జిగ తాగు తల్లీ. ఊరికి పోయి మీ మరిదికి చెప్పు, లాయరూ వద్దు ఏమీ వద్దని. చెన్నమ్మకు కూడా... ఏమి తల్లీ? ఇంకా కోపంగానే చూస్తాండావు."

"కోపం కాదు."

"మొగం అట్ల పడిపోయిందేమి మరి? నీ మొగుని తప్పు లేదని తేలిపాయ గదా. ఇది సంతోషపడే మాట."

"అవును గదా. సంతోషపడల్ల."

"పడలేదు నువ్వు."

"లేదు సుబ్బక్కా."

"ఏందమ్మా, అర్థం కాలేదు నాకు."

"ఎట్ల చెప్పేది అన్నా. ఆయన చెడ్డోడు కాదు. చెయ్యెత్తలేదు, తాగలేదు, ఇంట్లో ఇది లేదనే మాట రానియ్యలేదు. కానీ ఆయన మొగం ఉండాదే... దించేసిన షట్టరు మాదిరి. నేను నవ్వితే నవ్వేది లేదు. ఏడిస్తే ఎందుకని అడిగేది లేదు. కొత్త చీర కట్టుకోని ఎదురుగా నిలబడితే, 'పెరుగు తోడేసినావా' అనేవాడు. మా నాయన పోయినాక, ఒకనాడు వంటింట్లో కింద కూర్చోని ఏడుస్తాంటి. ఆయన వచ్చినాడు. నన్ను దాటుకోని పోయి, డబ్బాలో నుంచి బెల్లం ముక్క తీసుకోని, మళ్ళా నన్ను దాటుకోని పోయినాడు."

"నీ మొగం చూడలేదేమో."

"చూసినాడు. తొక్కకుండా దాటినాడు గదా. చూసినాడు గానీ కనపడలేదు. అంగట్లో కూడా అంతే. ఎవురన్నా తమాషాకు ఒక మాటంటే, 'ఎన్ని కిలోలు' అనేవాడు. వాళ్ళు నవ్వు మింగేసి, 'అర కిలో' అనేది."

"మనుషులు అట్ల కూడా ఉంటారా తల్లీ."

"పెండ్లయిన కొత్తలో నాలోనే ఏదో లోపం అనుకుంటి. ఆయన చెప్పులు ఇడిసే చప్పుడు వినేదాన్ని. ఈ పొద్దు కోపమా, ఆకలా, అలుపా అని దాన్ని బట్టి కనుక్కుందామని. శానా ఏండ్లకు తెలిసింది, చప్పుడు ఎప్పుడూ ఒకే మాదిరి ఉంటాదని. ఇంక వినడం ఇడిసిపెట్టినా. ఆయన పోయిన దినం కూడా నాకు ఏడుపు రాలేదు. అందరూ నా మొగమే చూస్తాండారు. రావల్ల రావల్ల అనుకుంటే ఇంకా రాదు."

"అందుకేనా నా చెయ్యి పట్టుకుంటివి?"

"ఏమో. నువ్వు వచ్చి అంత ఏడిస్తే, నాకు ముందర కోపమొచ్చె. తర్వాత ఇంట్లోకి పోయినాక, అందరూ నిన్ను తిడతాంటే, నాకు రొంత... చెప్తే నవ్వుతారు మీరు."

"నవ్వము తల్లీ, చెప్పు."

"రొంత చల్లగా అనిపించె. ఈయనకు కూడా నవ్వు ఉండె, యాడో ఒక చోట, ఎవురి కాడనో ఒకరి కాడ మనిషి మాదిరి ఉండినాడు అనుకుంటి. లేకపోతే ఆ యమ్మ అట్ల ఏడవదు గదా. నాకు చూపియ్యలేదు, అంతే. సరే, చూసినామెను అడిగి తెలుసుకుందాం, ఎట్ల నవ్వుతాడో చెప్తాది అని వచ్చినా. దారంతా అదే అనుకుంటా వచ్చినా. ఇప్పుడేమాయె? యాడా లేదని తేలిపాయ."

"అమ్మా, ఏడవొద్దు. నువ్వు ఏడిస్తే నాకు..."

"నేను ఏడవలేదు సుబ్బక్కా. ఏడుస్తాండేది నువ్వే."

"అవునా. కొంగు యాడ పాయ."

"పోతా నేను. బస్సు ఉంటాది ఇప్పుడు."

"ఉండండమ్మా. రామకోటయ్య అంటే... పప్పుల అంగడి అంటిరి గదా. బస్టాండు కాడ ఉండే అంగడేనా?"

"బస్టాండు కాడ కాదన్నా. పాత సంత వీధిలో."

"ఆ, అదే, సంత వీధే. బస్టాండులో దిగి నడిస్తే వస్తాది గదా."

"నువ్వు చూసినావా ఆయనను?"

"చూసినా."

"నువ్వెప్పుడు పోతివి ఆత్మకూరుకు?"

"నువ్వుండవే రొంత. పోయింటి ఒకసారి, మా పిన్నమ్మను చూడను. ఉత్త చేతుల్తో ఏం పోతాములే అని, శెనగపప్పు తీసుకుందామని ఆ అంగడి కాడ నిలబడితి. ఆయన కూర్చోనుండె. సన్నంగా..."

"ఆయన లావు."

"లావే. కూర్చుంటే సన్నంగా కనపడె. గల్లా పెట్టె అడ్డముండె గదా. నేను అరకిలో అంటి. ఆయన తూకమేస్తాండె. అంతలో ఒక మేక వచ్చె."

"మేకా?"

"మేకే. నల్లది. వచ్చి, ముందర పెట్టిన శెనక్కాయల సంచిలో మూతి పెట్టె. నేను చూస్తి. ఇంక అయిపాయ దీని పని, కట్టె తీసి కొడతాడు అనుకుంటి."

"కట్టె ఉంటాది ఆయన పక్కన."

"ఉండె, ఉండె. తీయలేదు. అట్లే చూస్తా ఉండె. మేక ఒక నోరు తినె. తినుకుంటా ఆయన దిక్కు చూసె. ఆయన దాని దిక్కు చూసె."

"తర్వాత?"

"తర్వాత... నవ్వినాడు."

"ఆయనా?"

"ఆయనే."

"మేకను చూసి."

"మేకను చూసి. 'తిననీలే' అనె. మేకకు అర్థమైనట్లుండాది, ఇంకొక నోరు తినె. మీరు నవ్వుతాండారు గానీ నిజమమ్మా. మళ్ళా ఇంకొక నోరు. గడ్డానికంతా పొట్టు అంటుకొనె. అప్పుడాయన నవ్వుకు తక్కెడ ఊగిపాయ. నాకు పప్పు రొంత ఎక్కువే వచ్చె."

"ఎట్ల నవ్వినాడన్నా? పెద్దగానా?"

"పెద్దగా కాదు. అట్లని లోపల్లోపల కూడా కాదు. కడుపు కదిలె."

"ఎడమ పక్క బంగారు పన్ను కనపడిందా?"

"కనపడె."

"కనపడిందా."

"తళుక్కుమనె. ఎండ పడింది గదా దాని మింద."

"అన్నా, ఆ మేక... ఎవురన్నా వచ్చి తోలుకపోయినారా, అదే పోయిందా?"

"అదే పాయ. కడుపు నిండినాక ఇంకెందుకు ఉంటాది. ఆయన అది మలుపు తిరిగేదాకా చూస్తా ఉండె. నవ్వు ఆపలేదు."

"సరే అన్నా. సరే. సుబ్బక్కా, ఇప్పుడియ్యి ఆ మజ్జిగ."

కొంతసేపటికి, వీధి మలుపులో. సుబ్బక్క ఆమెను ఆటో ఎక్కించడానికి వెంట వచ్చింది.

"ఆ ఎండలో ఎందుకు, ఈ గోడ నీడకు రా తల్లీ."

"పర్వాలేదు లే."

"నువ్వు నవ్వినావు, అంతే చాలు. నీ నవ్వు చూసి నాకు కూడా ఊరికే నవ్వొచ్చె. అయినా చూడు మా ఆయన తీరు. ఆ మేక సంగతి నాకు ఇన్నాళ్ళుగా ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి పోతానే అడుగుతా."

"అడగొద్దు సుబ్బక్కా."

"ఏం?"

"ఆయనకు బంగారు పన్ను లేదు."

"ఎవురికి?"

"రామకోటయ్యకు. ఏ పక్కనా లేదు."

"మరి కనపడిందా అని నువ్వే అడిగితివి గదా."

"కావల్లనే అడిగినా."

"మా ఆయన కనపడెననె."

"తళుక్కుమనిందన్నాడు."

"అయ్యో. తప్పయిపాయ తల్లీ. ఆయన అబద్ధాల మనిషి కాదు. నా మీద ఒట్టు. ఏం పుట్టిందో ఆయనకు ఉన్నట్లుండి. సావు జరిగిన ఇంటి మనిషితో అట్లా ఆడేది? నేను పోయి ఇప్పుడే..."

"ఏం పుట్టిందో నేను చూస్తానే ఉండినా. చెప్పినంతసేపూ నా మొగమే చూస్తాండాడు. నేను నవ్వినప్పుడంతా మేక ఇంకొక నోరు తినింది. నేను నవ్వు ఆపితే, పాపం, ఆయన మాట తడబడింది."

"ఆయనకు చేతకాదు తల్లీ, అబద్ధం చెప్పేది. చెమట పట్టింది, నేను కూడా చూసినా. మేక మాట చెప్తాంటే చెమటెందుకా అనుకుంటి."

"ఆటో వస్తాండాది. చెయ్యెత్తు."

"కోపం రాలేదా నీకు? చెప్పి పో. లేకుంటే నాకు అన్నం దిగదు."

"సోమన్నకు ఏమీ చెప్పొద్దు. ఆ పన్ను అట్లే ఉండనీ."

"ఎందుకు తల్లీ?"

"ఇన్నేండ్లలో, నా మొగం చూసి మాట మార్చుకున్న మగోడు మీ ఆయనొక్కడే సుబ్బక్కా."